ఏడు దాకా

రైలు నడికుడి దాటాక, నా ఎదురు సీట్లో ఒకతను భార్య పాత బటన్ ఫోన్లోని నంబర్లను ఆమె కొత్త టచ్ ఫోన్లోకి మారుస్తున్నాడు.

"అమ్మ నంబరు వచ్చిందా అయ్యా? అమ్మకు మందులు గుర్తుచేసే అలారం కూడా ఎక్కించు," అందామె.

"మీ పుట్టింటోళ్ళు ఇందులో పట్టర్లే. మెమరీ నిండిపోద్ది," అని నవ్వాడు.

రైలు కృష్ణ మీదికి వచ్చింది. మేమంతా నదిలో చిల్లర వేసి దణ్ణం పెట్టుకుంటుంటే, అతను పాత ఫోన్ను కిటికీలోంచి విసిరేశాడు.

"నా మొక్కు తీరింది."

ఆమె ఏడవలేదు. కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతుంటే స్తోత్రం అనుకున్నాను. చెవి పెడితే, అంకెలు. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని వల్లె వేయించిందే నా చదువు. అలవాటుకొద్దీ ఆమె వెంట నేనూ వల్లె వేశాను. వంతెన మోతలో చివరి అంకెలు అందలేదు.

"ఏందే ఆ సణుగుడు?"

"కృష్ణమ్మకు మొక్కుకుంటన్నా."

అతనికి అర్థమైంది. ఆమె చెవి దగ్గరికి వంగి, నోటికొచ్చిన అంకెలన్నీ గట్టిగా చదవసాగాడు. ఆమె తడబడింది. మళ్ళీ మొదలుపెట్టి ఏడో అంకె దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి కూడా ఏడు దగ్గరే.

అతను సంచి తీసుకుని తలుపు వైపు నడిచాక, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, నీకేమన్నా వినపడిందా?"

"ఏడు దాకా తల్లీ."

మా అమ్మ నేర్పినవన్నీ నాకింకా నోటికి ఉన్నాయి, దేవుడి దయ. రోజూ జపం ముగిశాక ఆ అంకెలు కూడా చెప్పుకుంటాను, ఏడు దాకా.