క్యాసెట్లో ఊపిరి లేని చోటు

మా బ్యాండు మొదటి పాట నాకు బయట వినిపించింది గుడివాడ బస్టాండులో. క్యాసెట్ల కొట్టువాడు పెద్ద సౌండు పెట్టి వేస్తున్నాడు. కాలేజీ కుర్రాళ్లు కొందరు ఎక్కాల్సిన బస్సు వదిలేసి మరీ వింటున్నారు. మా డ్రమ్స్ వాడు ఎగిరి గంతేశాడు. కీబోర్డు వాడు నన్ను కావలించుకున్నాడు, పాడింది నేను కదా. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది, సంతోషంతో కాదు. ఆ గొంతు నాదేనా అని.

మాది బందరు దగ్గర చిలకలపూడి. నాన్నకు రోల్డుగోల్డు నగల కొట్టు. ఎవరైనా కొత్త ఉంగరం పెట్టుకుని వస్తే, బాగుంది అనడానికి ముందు గోటితో గీకి చూసే వంశం మాది. నేను పాటలు పాడతానంటే నాన్న ఒక్క పాటకే ఒప్పుకున్నారు. "ఇది ఆడిందా, నీ ఇష్టం. ఆడలేదా, నోరు మూసుకుని వచ్చి కొట్లో కూర్చో" అన్నారు. పాట ఆడింది. బందరు ఆటోల్లో అదే, లోకల్ కేబుల్లో జనం ఫోన్ చేసి అడిగి వేయించుకునేదీ అదే. నాకు కొట్టు తప్పింది.

రికార్డింగు విజయవాడలో జరిగింది. వాయించేవాళ్లకి ఆధారంగా ఉండటానికి ముందు ఎవరో ఒకరు పాట మొత్తం పాడి పెడతారు. దాన్ని ట్రాక్ అంటారు. అసలు గాయకుడు పాడాక దాన్ని తీసేస్తారు. ఆ రోజు నాకు జలుబు. నన్ను గొంతు దాచుకోమని మా గిటారు వాడు ట్రాక్ పాడాడు. సాయంత్రం నేను పాడాను, బొంగురుగానే. రికార్డు చేసే ఆయన "బాగా వచ్చిందండీ, ఇక వెళ్లి రెస్టు తీసుకోండి" అన్నాడు. అంత తొందరగా మెచ్చుకునేవాణ్ణి నేనెప్పుడూ నమ్మను.

మా ఇద్దరివీ దగ్గర దగ్గర గొంతులు. ఫోన్లో మా అమ్మే పొరబడేది. పైగా రికార్డులో వింటే ఎవరి గొంతు వాళ్లకి కొత్తగానే ఉంటుందని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ రెండో చరణంలో పైకి వెళ్లే చోట నేను ఊపిరి తీసుకుంటాను, తీసుకోకపోతే నా వల్ల కాదు. క్యాసెట్లో అక్కడ ఊపిరే లేదు. గిటారు వాణ్ణి అడిగితే "ఎడిటింగులో తీసేసుంటార్లే బావా. అయినా ఏం పాడావు బావా!" అన్నాడు. ఆ మెచ్చుకోలు రోజూ ఉండేది. అడక్కుండానే టీ చెప్పేవాడు. కోనేరు సెంటర్లో తెలిసినవాళ్లు కనిపిస్తే "పాడింది ఈయనేనండీ" అంటూ నన్ను ముందుకు తోసేవాడు. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. నేను వాణ్ణి ఒక కంట కనిపెడుతూనే ఉన్నాను.

అవనిగడ్డలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. పాడాను, ఈలలు వేశారు. దిగి వచ్చాక ఒక లెక్చరర్ గారు చెయ్యి కలిపి "చాలా బాగుందండీ. క్యాసెట్లో ఇంకొంచెం బాగుంది, ఏమనుకోకండేం" అన్నారు. పక్కనే ఉన్న గిటారు వాడు తల దించుకుని తీగలు సవరించుకోవడం మొదలుపెట్టాడు. ప్రోగ్రాం అయిపోయాక తీగలు సవరించడం ఏమిటి!

తిరుగు బస్సులో వాడి పక్కనే కూర్చున్నాను. పులిగడ్డ దాటుతుండగా అడిగేశాను.

"అది నీ ట్రాకేనా?"

"అవును బావా. ఆ రోజు నీ గొంతు పనికిరాదన్నాడు రికార్డింగాయన. ఇంకో రోజు కుదరదన్నాడు. పాట పోతే మీ నాన్నగారు నిన్ను కొట్లో కూర్చోబెట్టేస్తారు కదా. అందుకని నేనే ఉంచెయ్యమన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. దాచినందుకు కాదు, నాకంటే బాగా పాడినందుకు.

"అయితే ఇక నుంచి నువ్వే పాడు."

"నాకు పాడాలని లేదు బావా. నువ్వు పాడుతుంటే వాయించాలని ఉంది, అంతే."

అంత గొంతు పెట్టుకుని పాడాలని లేకపోవడమేమిటి? వాడు చెప్పినవన్నీ నమ్మాను గానీ ఆ ఒక్క మాట నమ్మలేదు. ఆ తర్వాత మైకు ముందు నిలబడ్డప్పుడల్లా, వెనక వాయిస్తున్నవాడు నా తప్పులు ఏరుకుంటున్నాడనే అనిపించేది. రెండో పాట రికార్డు చెయ్యకుండానే బ్యాండు విడిపోయింది. నేను కొట్లో కూర్చున్నాను. వాడు బందరులోనే పిల్లలకు గిటారు నేర్పుతున్నాడు. ఇప్పటికీ తెలిసినవాళ్లు కొట్టుకి వస్తే, వాడు ఎక్కడైనా పాడుతున్నాడా అని అడుగుతూ ఉంటాను. పాడగా విన్నామని ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.