బోణీ అయ్యాకే అడుగు

ఉద్యోగం ఎలా సంపాదించాలో నాకు నేర్పినవాడు మా మేనమామ. బెజవాడ బట్టల బజార్లో బేళ్లు మోసేవాడు. ఏ కొట్టు షావుకారుకి ఎప్పుడు కోపం వస్తుందో, ఎప్పుడు దిగుతుందో ఆయనకి కొట్టినపిండి.

యుద్ధం రోజులవి. పామర్రు దగ్గర మా ఊళ్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయాయి. మా నాన్న పని లేకపోయినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. నా తరవాత ఇంకా చిన్నపిల్లలున్నారు. పొద్దున గంజి, రాత్రికి అందులోనే మరిన్ని నీళ్లు. నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను బెజవాడ పంపారు. నాకు పని దొరికితేనే వాళ్లకి అన్నం. ఆ మాట ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

మామ పాఠం మొదలుపెట్టాడు. "బోణీ కాకుండా పని అడగమాకు. పొద్దున్నే ఉత్త చేతుల్తో వచ్చినోడి మొహం షావుకారు జన్మలో మర్చిపోడు. భోజనాల వేళ అసలు పోమాకు. బేళ్లు దిగేటప్పుడు పో. ఎవరూ పిలవకపోయినా ఓ చెయ్యెయ్యి. నువ్వెవడివిరా అని ఆయనే అడుగుతాడు. అప్పటిదాకా నోరు తెరవమాకు."

"అడిగితే ఏం చెప్పను మామా?"

"పొలం ఉండేదండీ, పోయింది అని చెప్పు. నేతోళ్లమని మాత్రం అనమాకు."

దానికి కారణం ఉంది. నేతింటి కుర్రాడు కొట్లో కూర్చుంటే కొన్న ధర, అమ్మే ధర రెండూ చూస్తాడు. చూసి ఊరికి మోస్తాడు. ఆ భయంతో షావుకార్లు మావాళ్లని పనిలో పెట్టుకునేవారు కాదు. బట్ట కనబడగానే అంచు వేళ్ల మధ్య నలిపి చూడటం మా ఇంటావంటా ఉన్న అలవాటు. అది చూసి కూడా పట్టేసేవారట. అందుకని మామ నా చేత చేతులు వెనక్కి కట్టించి బజారంతా తిప్పాడు.

"కొట్టు సంగతి మీ నాన్నకి చెప్పమాకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు," అన్నాడు చివరగా. అది నిజం. మా ఊరికి దండోరా ఖర్చు మిగిల్చిన మనిషి ఆయన.

ఉన్న ఒక్క చొక్కా కాలవలో ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకుని తిరిగాను. ఒకరోజు ఆకలికి ఆగలేక బోణీ కాకముందే ఓ కొట్టు ఎక్కాను. గుమాస్తా అపశకునం కడిగినట్టు నా కాళ్ల ముందు చెంబుడు నీళ్లు కుమ్మరించాడు. ఆ తడికాళ్లతో బజారంతా నడిచిన అవమానం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చివరికి బేళ్లు దిగే వేళ చూసుకుని ఒక కొట్లో చెయ్యి వేశాను. అంతా మామ చెప్పినట్టే జరిగింది. రెండు పూటలా భోజనం పెడతాం, నచ్చితే తరవాత జీతం అన్నారు.

జీతం మాట ఇంకా తేలలేదు. ఒక మధ్యాహ్నం, భుజాన మూటతో మా నాన్న మెట్టెక్కాడు.

మిగిలిన నూలంతా కూడదీసి పంచెలు నేసి తెచ్చాడు. నన్ను చూసి ఆగాడు. మూట విప్పాడు. షావుకారు గల్లాపెట్టె దగ్గర్నుంచి, "చూడవోయ్, తప్పు పడితేగా రేటు దిగేది," అన్నాడు. నేను పంచె మడత విప్పాను. అందులో తప్పు లేదు. ఆ నేత నాకు తెలుసు.

"ఏవిటోయ్ అలా నిలబడ్డావు? తెలిసినవాడా?" అన్నాడు షావుకారు.

"నాకెవరు తెలుసండీ ఈ ఊళ్లో," అన్నాడు మా నాన్న. అంటూనే పంచె మీద చెయ్యి ఆనించి, బొటనవేలి గోటితో అంచు దగ్గర ఒక పోగు పక్కకి జరిపాడు. "ఇదుగోనండీ గుమాస్తాగారూ, ఇక్కడ పోగు తప్పింది. కళ్లు సరిగా ఆనడం లేదండీ. మీరే చూసి ఎంతో కొంత ఇప్పించండి."

నేను అవునన్నాను. రేటు దిగింది. ఆయన మూటగుడ్డ దులిపి, మడిచి, "వెళ్లొస్తానండీ" అని మెట్లు దిగాడు. ఆ మర్నాటి నుంచే నాకు జీతం ఖాయమైంది.

మొదటి జీతంతో బియ్యం కొనుక్కుని ఇంటికి వెళ్లాను. అమ్మ నాకు వడ్డిస్తూ ఉండబట్టలేకపోయింది. "బెజవాడలో ఎవడో గుమాస్తా అంటరా, మీ నాన్న పంచెలకి వంకలు పెట్టి సగం ధరకి కొట్టేశాడు. పిల్లలు రెండ్రోజులు పస్తున్నారు. వాడి చేతులు పడిపోను! వాడి నోట్లో మన్ను పడ!"

నా చేతిలో ముద్ద ఉంది. తలెత్తలేకపోయాను. నోట్లో నువ్వుగింజ నానని మా నాన్న, మగ్గం దగ్గర్నుంచి ఇటు తిరగకుండానే అన్నాడు.

"ఊరుకోవే. వాణ్ణి అన్నం తిననీ."