లేని ఊళ్ళతో లీలమ్మ తీర్చుకున్న పగ

పగ పట్టడంలో పామును మించింది లేదంటారు. అన్నవాళ్ళెవరూ నయాపూల్ లీలమ్మను చూసి ఉండరు. పాము కనీసం బుస కొట్టి హెచ్చరిస్తుంది. లీలమ్మ బుస కొట్టదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తుంది.

కోర్టు గోడ పక్కన, నీలం టార్పాలిన్ కింద, టైపు మిషను ముందు పెట్టుకుని కూర్చునేది లీలమ్మ. అఫిడవిట్లు, అర్జీలు, అద్దె కాగితాలు కొట్టేది. ఆమె వేగం గురించి నేను చెబితే మీరు నమ్మరు. ఒకసారి ఆమె వకీలు నోటీసు కొడుతుంటే, ఆ చప్పుడు వినే అవతలి పార్టీ రాజీకి వచ్చేసింది. ఇంకోసారి అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, మూసీ మీదుగా వచ్చిన ఆ చప్పుడు విని, రైలొస్తోందనుకుని పెట్టె నెత్తికెత్తుకున్నాడు.

ఉద్యోగం నుంచి రిటైరై, ఇంట్లో కోడలి చూపు తప్పించుకోవడానికి నేను రోజూ వెళ్ళి ఆ టార్పాలిన్ కింద కూర్చునేవాణ్ణి. ఆమె కొట్టిన ఇంగ్లీషులో తప్పులు చూడడం నా పని. నాది కాన్వెంటు ఇంగ్లీషు. సిస్టర్ల స్కేలు దెబ్బలతో నేర్చుకున్నది కనుక, తప్పు కనబడితే ఇప్పటికీ నా వేళ్ళ కణుపులు సలుపుతాయి.

లీలమ్మది ఉప్పుగూడ. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. ఆమె ప్రాణానికి విసుగు పుట్టించేది ఒక్కటే: వచ్చిన ప్రతివాళ్ళూ అవే ప్రశ్నలు అడగడం. పుట్టిన సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడితే ఏ కాగితాలు కావాలి? ఎన్ని ఫోటోలు? ఏ కిటికీ దగ్గర?

“చెప్పిందే చెప్పి నోరు నొస్తున్నది బాపు,” అంది 2001లో ఒకరోజు. “ఒక్కసారి రాసి నెట్ల పెడితే అందరు చదువుకుంటరు గదా.”

పెట్టింది. శాలిబండలో నెట్ సెంటరు వాడి దగ్గర పేజీ తయారుచేయడం నేర్చుకుంది. రాసే ముందు ప్రతి ఆఫీసుకూ స్వయంగా వెళ్ళి వరసలో నిలబడింది. ఇంగ్లీషు సాదాసీదాగా ఉండేది, మాట మాత్రం గురి తప్పేది కాదు. అందులో నాకు నచ్చిన వాక్యం ఇది: “కాగితాలకు పిన్ను కొట్టకండి. దాన్ని పీకేటప్పుడు గుమాస్తాకు మీ ముఖం గుర్తుండిపోతుంది.” కింద పేరు పెట్టుకోలేదు. “ఒక టైపిస్టు” అని మాత్రం రాసుకుంది.

ఏడాది తిరిగేసరికి, పేరు సవరణ గురించి హైదరాబాద్‌లో ఎవరు వెతికినా మొదట వచ్చేది ఆమె పేజీయే. మొదట వస్తే ఏమిటి, చివర వస్తే ఏమిటి అన్నాను నేను.

“పూల మార్కెట్ చూసినవా బాపు? గేటు కాడి దుకాణం దగ్గర్నే అందరు ఆగుతరు. పదో దుకాణం దాక పోయేటోడు ఉంటడా? ఇదీ గంతే.”

2003 జూన్‌లో ఒకామె వచ్చి టార్పాలిన్ ముందు నిలబడింది. పేరు బాలమ్మ. చేతిలో నెట్ సెంటరులో తీయించిన కాగితం.

“అమ్మా, నయాపూల్ అంటే గిదే గదా? మూసీ దాటమన్నరు, దాటిన. ఇగ యాడికి పోవాలె?”

“యాడికెళ్ళి వచ్చినవ్?”

“కరీంనగర్ కెళ్ళి. నా బిడ్డ పుట్టిన కాగితంల పేరు తప్పువడ్డది.”

“కరీంనగర్ల పుట్టిన పిల్లకు నయాపూల్ల ఏం పనమ్మా?”

“ఈ కాగితంల రాసున్నది గదా! ఇది మూడోసారి అచ్చుడు. నిన్నటితోని బడిల సీటు గూడ పాయె.”

లీలమ్మ కాగితం తీసుకుని చదివింది. నేనూ తొంగి చూశాను. “కరీంనగర్ వాసులు నయాపూల్ బస్టాపులో దిగి మూసీ దాటవలెను” అని ఉంది. రెండు వాక్యాల కింద, పిన్ను కొట్టకండి, గుమాస్తాకు మీ ముఖం గుర్తుండిపోతుంది. అంతా లీలమ్మ పేజీయే. ఎవడో ఎత్తుకెళ్ళి, హైదరాబాద్ అన్నచోటల్లా కరీంనగర్ అని మార్చాడు. ఊరిపేరు మార్చాడు కానీ వంతెననూ నదినీ మరిచిపోయాడు.

బాలమ్మకు టీ తాగించి, కరీంనగర్‌లోనే ఎక్కడికి వెళ్ళాలో రాసిచ్చి పంపింది లీలమ్మ. ఆ రోజు ఇంకొక్క కాగితం కొట్టలేదు.

సాయంత్రం నెట్ సెంటరులో చూస్తే సంగతి తెలిసింది. అఫ్జల్‌గంజ్‌లో సాగర్ అనేవాడు ‘సాగర్ ఇన్ఫోలైన్’ అని ఒకటి నడుపుతున్నాడు. లీలమ్మ పేజీలన్నీ వాడి దగ్గర ఉన్నాయి. ఒక్కో పేజీలో ‘బర్త్ సర్టిఫికెట్’ అన్న మాట నలభైసార్లు కుక్కాడు, చుట్టూ ప్రకటనలు అంటించాడు. తనలాంటి ఇంకో యాభైమందితో ఒప్పందం చేసుకుని, ఒకరి పేజీకి ఒకరు లింకులు ఇచ్చుకున్నారు. ఇందరు చూపిస్తున్నారంటే గొప్ప పేజీయే అయి ఉంటుందని వెతికే యంత్రం నమ్మింది. సాగర్ మొదటికి వచ్చాడు. లీలమ్మను వెతకాలంటే నాలుగు తెరలు దాటాలి.

ఆమె మర్యాదగా ఉత్తరం రాసింది, కింద “ఒక టైపిస్టు” అనే పెట్టి. నేనే దిద్దాను. రెండు రోజులకు జవాబొచ్చింది: “నెట్‌లో ఉన్నది అందరిదీ. చేతనైతే ముందుకు రండి.”

“మంచిగ చెప్పిండు,” అంది లీలమ్మ. నాకు భయమేసింది.

పదిరోజుల తర్వాత, సాగర్‌కు టైపిస్టులు కావాలని తెలిసి, ఆమె వెళ్ళి చేరింది. కోర్టు మూశాక అయిదు నుంచి ఏడున్నర దాకా పని. తోడుగా నేనూ వెళ్ళాను. కింద ఇనుప సామాన్ల దుకాణం, పైన నాలుగు కంప్యూటర్లు. సాగర్ ముప్ఫై ఏళ్ళవాడు, నవ్వితే మంచివాడిలాగే ఉంటాడు.

“చూడమ్మా, నాకు చదివేటోళ్ళు వద్దు, కొట్టేటోళ్ళు కావాలె,” అన్నాడు. “పేజీ ఒక్కటే. ఊరి పేరు మార్చాలె, కొత్త పేజీ చెయ్యాలె. ఎన్ని ఊర్లుంటే అన్ని పేజీలు. కింద తెల్ల జాగల తెల్ల అక్షరాలతోని గీ మాటలు మల్ల మల్ల కొట్టు. మనిషికి కనవడయి, మిషన్‌కు కనవడ్తయి. సమజైందా?”

“అయింది సార్. ఎన్నిసార్లు కొట్టాలె?”

“యాభై.”

“వంద కొడితే?”

“అరె వా!” అన్నాడు సాగర్. “గిట్ల పనిచేసేటోళ్ళు నాకు దొరకలే గదా ఇన్నాళ్ళు!”

మెట్లు దిగుతూ అడిగాను, “ఏందే ఇది? వాడి దగ్గర పనా?”

“పనే బాపు. వాడు చెప్పింది ఒక్కటి కాదనను.”

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ రోజుల్లో నెలకోసారి వెతికే యంత్రం చూపే వరసలన్నీ కదిలేవి. ఆ వ్యాపారంలో వాళ్ళు దాన్ని డ్యాన్స్ అనేవారట. ఎవరు ఎక్కారు, ఎవరు జారారు అని విదేశాల వాళ్ళు నెట్‌లో గంటలకొద్దీ వాదించుకునేవారు. లీలమ్మ అవన్నీ చదివేది.

“యంత్రం నడిపేటోళ్ళకు గీ దొంగపేజీలంటే మస్తు కోపమున్నది. ఇయ్యాల కాకుంటే రేపు నియమం మారుస్తరు. ఎప్పుడు మారుస్తరో నాకు తెల్వదు. మారిన దినం వాని సంచి దొంగపేజీలతోని నిండుగ ఉండాలె, గంతే.”

“మరి ఈలోగా ఇంకో బాలమ్మ బస్సెక్కితే?”

“ఎక్కదు,” అంది. ముందుగా వాడి దగ్గరున్న నిజం ఊళ్ళ పేజీలన్నింట్లో నయాపూల్, మూసీ తీసేసి, మీ ఊరి మున్సిపల్ ఆఫీసులోనే అడగండి అని మార్చేసింది. తర్వాత నావైపు తిరిగింది. “ఇగ లేని ఊర్లు కావాలె. నీకు అబద్ధాలు మస్తు వస్తయ్ గదా బాపు, పేర్లు చెప్పు.”

డెబ్బై ఏళ్ళుగా నేను ఆడిన అబద్ధాలకు ఇంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. పిల్లిమీసంపేట అన్నాను. ఉప్పులేనిపల్లి అన్నాను. నిద్రమత్తునగర్, వడ్డీలగూడెం, అల్లుడలిగినవాడ, షేర్వానీపురం అన్నాను. రోజుకు పది పదిహేను పేర్లు తయారయ్యేవి. మూడు నెలలకు ఒక జిల్లా పూర్తయింది. దానికి కలెక్టరును వేసి, బదిలీ కూడా చేశాను. లేని ఊరిలో ఎవరూ పుట్టరు కనుక, ఎవరి సర్టిఫికెట్టూ తప్పు పడదు, ఎవరూ వెతకరు, ఎవరూ మోసపోరు. పేజీలు మాత్రం పెరిగిపోయాయి. 2003 దసరా నాటికి పదకొండు వందల ఊళ్ళు.

సాగర్ లెక్క చూసి మురిసిపోయాడు. “మన దగ్గర ఇన్ని ఊర్లున్నయా లీలమ్మా?”

“ఉన్నయ్ సార్. తిరగనోళ్ళకు తెల్వదు.”

ఒక్క పేజీ తెరిచి, ఒక్క పేరు చదివినా దొరికిపోయేది. వాడు చదవలేదు. ఆ నమ్మకం మీదే కదా ఆమె చేరింది.

నవంబరులో యంత్రం నియమం మారింది; మాటలు కుక్కిన పేజీలను వరసలోంచి తీసేసింది. ఈసారి డ్యాన్స్ కాదు, భూకంపం. ప్రపంచమంతా గగ్గోలు. దెబ్బతిన్నవాళ్ళలో ఏ పాపం ఎరగని చిన్న దుకాణాల వాళ్ళూ ఉన్నారని, పండగ గిరాకీ ముందర వాళ్ళ పేజీలూ మాయమయ్యాయని లీలమ్మే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో బాధ ఉంది. సాగర్ గదిలో అడుగుపెట్టేసరికి అది లేదు.

సాగర్ మీట నొక్కుతున్నాడు. రెండో తెర, పదో తెర, ముప్ఫయ్యో తెర. ఎక్కడా లేడు. కంపెనీ పేరు కొట్టినా రావడం లేదు. ప్రకటనలవాళ్ళ ఫోన్లు మోగుతున్నాయి.

“లీలమ్మా, ఏం చేసినవ్?”

“మీరు చెప్పిందే చేసిన సార్. యాభై అంటే వంద చేసిన.”

వాడు మొదటిసారి ఒక పేజీ తెరిచాడు. “పిల్లిమీసంపేట ఏందమ్మా?” గొంతు కీచుగా వచ్చింది.

“కరీంనగర్ల మూసీ ఉన్నప్పుడు, పిల్లిమీసంపేట ఉండొద్దా సార్?” అని, తన పిన్నుల వాక్యం ఇంగ్లీషులో అప్పజెప్పింది. “ఆ టైపిస్టును నేనే. చేతనైతే ముందుకు రమ్మన్నవ్ గదా. వచ్చిన.”

ఆ రోజుతో ఆ కొలువు అయిపోయింది. కానీ నెల తిరక్కుండానే సాగర్ టార్పాలిన్ కిందికి వచ్చాడు. యంత్రం వాళ్ళకు చేసిన తప్పులన్నీ ఒప్పుకుని, సరిచేశామని ఉత్తరం రాస్తే మళ్ళీ వరసలోకి తీసుకోవచ్చని ఎవరో చెప్పారట. రాసిన ఉత్తరాలు రెండు వెనక్కొచ్చాయి. ఇంగ్లీషు బాగా రాసేవాళ్ళు కావాలి, వాడికి తెలిసింది లీలమ్మ ఒక్కతే.

లీలమ్మ మంచినీళ్ళిచ్చింది. “రాసిస్తా. ఒక షరతు. గదే ఒప్పుకోలు నీ మొదటి పేజీల గూడ పెట్టాలె. ఎవరి రాత ఎత్తుకున్నవో రాసి, నా పేజీకి తొవ్వ చూపాలె.”

“ఎట్లనన్న పెడ్త. వాపస్ రానియ్యి తల్లీ!”

ఆమె అక్కడికక్కడే కొట్టింది, నేను దిద్దాను. ఏది ఎత్తుకున్నాడు, ఎలా దాచాడు, ఎవరిని తిప్పాడు, సీటు పోయిన పిల్లతో సహా అన్నీ ఉన్నాయి. స్టాంపు కాగితం మీద ఒప్పందం: ఆ పేరుతో సైటు ఉన్నన్నాళ్ళూ ఈ పేజీ ఉండును. సాగర్ చివరి గీత మీద సంతకం చేశాడు. పైన ఏముందో చూడలేదు.

వేసవికి సాగర్ ఇన్ఫోలైన్ వరసలోకి తిరిగొచ్చింది. తిరిగొచ్చి ఏం లాభం? దొంగసొత్తు తీసేస్తే మిగిలింది ఒక్క పేజీ. సాగర్ పేరు ఎవరు వెతికినా మొదట వచ్చేది వాడి ఒప్పుకోలు. దాని చివర లీలమ్మ పేజీకి దారి. అప్పటికి ఆమె మళ్ళీ మొదటి వరసలో ఉంది, ఈసారి తన పేరుతో.

ఏడాదికి సాగర్‌కు ఉపాయం తట్టింది. ఆ సైటు పేరుకు ఏటా కట్టాల్సిన రుసుము కట్టకుండా వదిలేశాడు. సైటు పోతే పేజీ పోతుంది కదా అని. పేరు ఖాళీ అయిన రోజునే లీలమ్మ దాన్ని తన పేరున రాయించుకుంది. అదే ఒప్పుకోలు మళ్ళీ ఎక్కించింది. పేజీ కదల్లేదు.

2006లో వాడు మళ్ళీ వచ్చాడు. జుట్టు పలచబడింది. కోఠిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. సరుకిచ్చే కంపెనీవాళ్ళు ముందు పేరు వెతుకుతున్నారట.

“ఇగ చాలు లీలమ్మా. తీసెయ్యి. నీ కాల్మొక్త.”

“ఏం తీసెయ్యాలె సార్? నువ్వు సంతకం పెట్టిన కాగితమే గదా. అండ్ల ఒక్క అబద్ధం చూపెట్టు, గిప్పుడే తీస్త.”

అచ్చుతీసి వాడి చేతిలో పెట్టింది. వాడు నిలబడే చదివాడు. పది నిమిషాలు పట్టింది. చదవడం అయిపోయాక కాగితం మడిచి, మళ్ళీ విప్పి, నావైపు చూశాడు.

“బాపూ, పెద్దోళ్ళు, మీరన్న చెప్పుండ్రి.”

జాలిపడాలని నేను ప్రయత్నించాను. నిజంగానే ప్రయత్నించాను. “రెండో పేరాలో కామా ఒకటి తప్పిపోయింది నాయనా,” అన్నాను. “అది మాత్రం నా తప్పే. దిద్దిస్తాను.”

సాగర్ లీలమ్మ వైపు తిరిగాడు. “ఎన్నేండ్లు ఉంచుతవ్?”

“పదేండ్లకు కట్టిన,” అంది ఆమె మిషనులో కొత్త కాగితం ఎక్కిస్తూ. “జరుగు సార్, వెనకాల లైను ఉన్నది.”