పేడాలు పంచాక

కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ పోయిందని ఫోన్‌లో రిజల్ట్ చూసుకున్న రోజు అమ్మ వంటింట్లోంచి "ఏమైందే?" అని అడిగింది. "పాస్" అన్నాను. ఎందుకన్నానో డైరీలో రాసుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. గంటలో మిఠాయి కొట్టు నుంచి పేడాల డబ్బా వచ్చింది. నాందేడ్‌లో మా గల్లీలో పాసైతే పేడాలు పంచాల్సిందే. డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేనే. మేం కాకూ అని పిలిచే ఎదురింటి మరాఠీ ఆవిడ నా తల నిమిరి ఆశీర్వదిస్తుంటే నేల చూశాను.

తర్వాత రెండు నెలలు, నవల చదువుతున్నట్టు నటిస్తూ దాని మధ్యలో నెట్‌వర్క్స్ నోట్సు పెట్టుకుని చదివాను. మొదటిసారి లెక్కలన్నీ బట్టీ పట్టాను. పరీక్షలో అంకెలు మారేసరికి చెయ్యి ఆగిపోయింది. నెట్‌వర్క్‌లో అరవై నాలుగు అడ్రసుల ముక్క ఉంటే, కంప్యూటర్లకు ఇవ్వగలిగేవి అరవై రెండే. మొదటిదీ చివరిదీ తీసేయాలి. ఎందుకు తీసేయాలో ఈసారి మొదటినుంచీ నేర్చుకున్నాను.

ఇంతలో ఉమ్రిలో పిన్ని కూతురి నిశ్చితార్థం కుదిరింది. సరిగ్గా నా పరీక్ష రోజే. అమ్మ నా కోసం చీర తీసి మంచం మీద పరిచింది.

"నేను రానమ్మా."

"ఎందుకే? ఎవరన్న ఏమన్నరా?"

"నెట్‌వర్క్ పేపర్ పోయింది. ఆ రోజే మళ్ల రాయాలె."

అమ్మ చీర అంచు సరిచేసింది. "పేడాలు నువ్వే పంచినవు గదనే," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. అంతలో పిన్నే ఫోన్ చేసింది. అమ్మ నా వైపు తిరగకుండా, "పిల్లకు కుదరదే చెల్లె. ఏందో పెద్ద పరీక్ష ఉందట. పాసైనోళ్లనే కూసోనిస్తరట," అంది. అవతల పిన్ని సంబరపడటం నాకూ వినబడింది.

అమ్మ గొంతు ఎక్కడా తడబడలేదు. నా అబద్ధం కంటే అదే నన్ను ఎక్కువ సిగ్గుతో కుంగదీసింది. ఫోన్ పెట్టేసి చీర మడత పెడుతూ, "పో, సదువుకో," అంది.

ఆ మధ్యాహ్నం ఒకే రకం లెక్కలు అంకెలు మార్చి ఆరు చేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి, "అచ్చినయా?" అని అడిగింది.

అన్నీ వచ్చాయని నోటిదాకా వచ్చింది.

"నాలుగే," అన్నాను.