పాటలో లేని రేవు

బెలేం పట్నం నుంచి ఏటి ఈతకని బస్సెక్కి వచ్చేవాళ్ళకు ఆ లంకలో ఎండాకాలమంటే జూలై నెలే. మిగతా ఏడాది చాలావరకు వానలే గనక, నాలుగు డబ్బులు వెనకేసుకోవాలంటే అప్పుడే. సాంతా ఫిలోమెనా రేవులో అట్ల పెనం పెట్టుకున్న ఓస్కరీనాకు ఈ లెక్క చిన్నప్పటి నుంచీ తెలుసు. పెనం మీద కర్రపెండలం పిండి చల్లి, కొబ్బరి కోరు వేసి, వెన్న రాసి మడిచి ఇస్తుంది. కూతుళ్ళిద్దరూ ఆ పెనం మీదే పెద్దవాళ్ళయ్యారు. మొగుడు ఒకనాడు అట్టు మాడిందని అలిగి వెళ్ళాడు. ఆవిడ వెతకనూ లేదు, అతను తిరిగి రానూ లేదు.

ఆ ఏడు రేడియో పెడితే ఒకటే పాట. ఎండ, ఏటి నీళ్ళు, మన ఆట, మన తిండి అంటూ లంకలోని రేవులన్నిటినీ పేరుపేరునా పిలుస్తుంది. చేపల కంపుకు కాకులు తప్ప ఎవరూ పోని రేవు కూడా అందులో ఉంది. సాంతా ఫిలోమెనా లేదు. జనం పాటలో విన్న రేవులకే పరిగెత్తారు. ఓస్కరీనా పెనం చల్లబడింది.

కడుపు మండిన మాట నిజమే. కానీ తమ రేవును ఎందుకు వదిలేశారో తెలియకపోవడం ఆవిడకు అంతకన్నా బాధ. పేరు మరీ పొడుగు, తాళంలో ఇమడదన్నాడు పడవ నడిపే జెనివాల్దో. ఆవిడ అట్లకాడతో దరువేసి పాడి చూసింది. పేరు సుఖంగా పట్టింది, ఊపిరి కూడా మిగిలింది. అప్పుడు జెనివాల్దో నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. పాట రాసింది ఎదివాన్ అట.

ఎదివాన్ ఈ రేవులోనే ఈత నేర్చిన కుర్రాడు. పట్నంలో స్థిరపడినా ఏటా జూలైలో వచ్చి, ముందు రెండు అట్లు తిని నీళ్ళలో దిగుతాడు. ఈసారీ వచ్చాడు, భుజాన తువ్వాలు. ఓస్కరీనా అట్లు చేతికిచ్చి అడిగింది.

"మా రేవు నీకేం అన్యాయం చేసిందిరా?"

ఎదివాన్ నవ్వాడు. "ప్రేమకొద్దీ వదిలేశానత్తా. పేరు పెడితే జనం విరగబడతారు. ప్రశాంతంగా ఈదడానికి నాకు ఒక్క రేవన్నా మిగలొద్దూ?"

ఓస్కరీనా ఖాళీ బల్లల వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"నీకు రేవు మిగిలింది నాయనా. నాకు పిండి మిగిలింది."

ఎదివాన్ ఆ పూట నీళ్ళలో దిగలేదు.