మంచుకు రెండు పాయింట్లు

మొన్న మంగళవారం పొద్దున కోదాడ నుంచి ఉస్తాదు కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, నాన్న పోయిండు" అంది. సూర్యాపేటలో ఆయన స్టూడియోలో ఫోటో పని నేర్చుకున్న తొమ్మిదేళ్లూ నేను మాట్లాడింది తక్కువ, తిట్లు తిన్నది ఎక్కువ.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. కానీ ఆయనతో వేగడం కష్టం. లెన్సు తుడిచే బట్టతోనే చెమట తుడుచుకునేవాడు. మళ్లీ మరక నేనే పెట్టానని అరిచేవాడు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పేవాడు కాదు.

ఒక ఏడు మా ఊరివాళ్లు బస్సు మాట్లాడుకుని బదరీనాథ్ యాత్ర ఖాయం చేసుకున్నారు. అమ్మా నేనూ వెళ్తున్నాం. అమ్మకు అంతవరకు ఒక్క ఫోటో లేదు. మంచులో ఫోటో దిగుతానని తనే అంది. హాలియాలో కాళ్లు పడిపోయి మంచం మీదున్న వాళ్ల అక్కకు చూపించాలట.

మంచులో ఎట్లా తీయాలని ఉస్తాదును అడిగాను. ఆయనా మంచు చూసినవాడు కాదు. తిరుమలగిరి బస్సెక్కించి, మిట్టమధ్యాహ్నం ఒక పత్తి కుప్ప ముందు నిలబెట్టాడు.

"కెమెరాల వెలుతురు కొలిసే మీటరు సూది యాడుంది?"

"నడుమ ఉంది."

"గట్లనే తీస్తే ఖరాబైతది. దానికి తెల్లదంటే తెల్వదురా. ఏది సూపెట్టినా బూడిద రంగే అనుకుంటది. లెన్సు రెండు పాయింట్లు ఎక్కువ తెరువు."

"ఇంత ఎండల ఇంకా తెరిస్తే అంతా తెల్లగ పోతది గద ఉస్తాద్."

"నీకు ఉస్తాదు సూదా, నేనా?"

అంతే. తిరిగి బస్సు వైపు నడిచాడు.

బదరీనాథ్‌లో మంచు మీది ఎండ కళ్లలో గుచ్చింది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తెరవడానికి చెయ్యి రాలేదు. సూది నడుమకు తెచ్చి, భయానికి ఇంకో పాయింటు మూశాను కూడా.

రీలు కడిగి చూసి ఉస్తాదు నెత్తి కొట్టుకున్నాడు. "పత్తి కాడ గొర్రెను నిలబెట్టినా నేర్సుకునేది."

డార్క్‌రూమ్ తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు. కాగితం మీద కాగితం పాడుచేస్తూ, వెలుగు పడేటప్పుడు అమ్మ మొహానికి బొటనవేలు అడ్డం పెట్టి, అది నల్లబడకుండా కాపాడాడు. బయటికొచ్చి ఫోటో నా ఒళ్లోకి విసిరాడు.

"మొకమన్న దక్కింది. తీస్కపో."

తర్వాత జరిగింది ఆయనకు ఏనాడూ చెప్పలేదు. చెప్తే మళ్లీ ఏదో ఒకటి అంటాడని.

హాలియాలో పెద్దమ్మ ఫోటోను అటూ ఇటూ తిప్పింది. మంచంతా బూడిద రంగు. "ఏందే సెల్లె, బదరీనాథ్ అని సెప్పి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ కాడ దిగొచ్చినవా?"

అమ్మ నొచ్చుకోలేదు. తన మొహం చుట్టూ, ఉస్తాదు వేలి నీడ పడినంత మేర, కాస్త జాగాలో మాత్రం మంచు తెల్లగా ఉంది. అమ్మ అక్కడ వేలు పెట్టింది.

"గదంత కాదక్కా. గిది సూడు. గిట్ల ఉంటది మంచు."

పెద్దమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పట్టుకుని, ఆ కాస్త తెలుపునే చాలాసేపు చూసింది.