పురిటికి దురాయి లేదు

పోయిన నెల మా ఊరి తుఫాను షెల్టర్‌లో సమావేశం జరిగింది. అందులో ఉన్నవి, ఉన్నవారు: మూడు ఊళ్ళ కాపులు (మా తీరంలో ఊరి కులపెద్దల్ని అలాగే అంటారు), వాళ్ళ వెనక చేతులు కట్టుకున్న కుర్రాళ్ళు, ఒక ఎస్సై, కాళ్ళు సరిగా ఆనని ప్లాస్టిక్ బల్ల, దాని మీద నీళ్ళ సీసాలు, కారప్పూస ప్లేట్లు, పులికాట్ సరస్సు పటం ఒకటి, ఆ పటం మీద ఏ ఊరి నీళ్ళు ఎంతవరకో గీత గీయడానికి పిలిపించిన సివిల్ డిప్లొమా వాడిని నేను. కిటికీలోంచి ఎండురొయ్యల వాసన దట్టంగా వస్తోంది. పోయిన ఏడాది మాతో కలిసి రెండో ఊరి మీదికి వెళ్ళిన మూడో ఊరు ఈ ఏడాది ఆ రెండో ఊరితో కలిసి మా మీదికి వచ్చింది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలడానికే పొద్దు సగం పోయింది. నీళ్ళ మీద గీత నిలవదని నేను చెప్పి చూశాను.

"నువ్వు గియ్యబ్బయ్యా. నిలబెట్టేది మేం జూసుకుంటాం" అన్నాడు మా కాపు.

ఆ ధీమా నాకు కొత్త కాదు. మా తాతది కూడా అదే ధీమా.

మాది మొగలిపాళెం. పాయకు అవతలి ఒడ్డున తిప్పకుప్పం, ఇసుక దిబ్బలు దాటితే నడిమిపాళెం. నా చిన్నప్పుడు మా ఊరి పెద్దకాపు మా తాతే. ఎండాకాలంలో సరస్సు వెనక్కి తగ్గి, నేల పగుళ్ళిచ్చి, ఉప్పు తెల్లగా పేరుకున్న చోట మేం కబడ్డీ ఆడుకునేవాళ్ళం, సాయంత్రానికి మోకాళ్ళ మీద గీరుకున్న చోట్లన్నీ ఆ ఉప్పుకు భగ్గుమనేవి. దీపావళి వానలకు నీళ్ళు తిరిగి గడపల దాకా వచ్చేవి, సముద్రం సరస్సులో కలిసే మొగ తెరుచుకునేది, ఆ మొగలోంచి రొయ్యలు లోపలికి ఎక్కేవి. అప్పుడిక ఊరంతా ఒకటే వాసన, పసుపు వేసి ఉడికించిన రొయ్యల ఆవిరి, తడి వలలు, కాల్చిన తేగలు, మామిడి ఒరుగులు వేసిన మడవ చేపల పులుసు. కోట నుంచి రాకెట్ లేచినప్పుడు అటక మీది గిన్నెలు గలగలమంటే, మా అవ్వ పొయ్యి ముందు నుంచి కదలకుండానే దాన్ని నాలుగు మాటలు తిట్టి పులుసు కలుపుకునేది. తాత బోర్లించిన పడవ మీద కూర్చుని, ఆకూవక్కా నములుతూ, రేపు మొగ దగ్గర ఎవరి వంతో చెప్పేవాడు.

మొగ దగ్గర వల వేసే వంతు కోసమే మా తీరంలో గొడవలన్నీ. ఊళ్ళు రెండయితే సగం సగం పంచుకుని ఊరుకునేవేమో. మూడు కావడం వల్ల ఎప్పుడూ రెండు ఒకవైపు, ఒకటి ఒకవైపు. ఒంటరిగా మిగిలిన ఊరికి రొయ్య దొరకని రోజుల్లో వంతు వచ్చేది. మరుసటి ఏడాది ఆ ఊరు రెండింటిలో ఒకదాన్ని తనవైపు లాక్కునేది. బడిలో రాజుల పాఠాలు చెప్పినప్పుడు, ఫలానా రాజు ఫలానా రాజుతో పొత్తు కుదుర్చుకుని కూతుర్నిచ్చాడనగానే నాకు చప్పున అర్థమయ్యేది. ఆ కూతుళ్ళంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుందో మాత్రం ఆ పుస్తకంలో లేదు.

మా ఊరి ఆడపిల్లల్ని తిప్పకుప్పానికి ఇవ్వడం, వాళ్ళ పిల్లల్ని మేం తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. మా అవ్వ పుట్టిల్లు అదే. మా మేనత్త కావేరిని ఇచ్చిందీ అక్కడికే. నేను బడికి పోయే రోజుల్లో, ఒక ఏడు అత్తకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఒక కాన్పు పోయింది. ఈసారి ఆలస్యం చేయకుండా సూళ్ళూరుపేట ఆస్పత్రికి తీసుకురమ్మని నర్సమ్మ గట్టిగా చెప్పింది. తిప్పకుప్పం నుంచి పేటకు దగ్గర దారి ఒక్కటే, పాయ దాటి మా రేవులో దిగి రోడ్డెక్కడం. అత్త ఆ వారంలో పుట్టింటికి రావాలి.

సరిగ్గా అప్పుడే మొగ దగ్గర ఎవరిదో వల తెగింది. తెంచింది తిప్పకుప్పం వాళ్ళేనని మావాళ్ళన్నారు. తాత ఆ కోపంలో నడిమిపాళెం కాపుతో గంగమ్మ గుడి ముందు తాంబూలాలు మార్చుకుని, తిప్పకుప్పం మీద దురాయి వేశాడు. దురాయి అంటే కాపుల కట్టుబాటు, మీరినవాడికి ఊళ్ళో నిప్పు పుట్టదు. వాళ్ళతో మాట లేదు, వాళ్ళ పడవ మన రేవుకు రాకూడదు, మన పడవ పోకూడదని డప్పు వేసి చాటారు. మొగ కొలతలు, వంతుల లెక్కలు అన్నీ చూసుకున్న ఆ పెద్దమనుషుల్లో ఒక్కరు కూడా తమ ఇంట్లో అన్నం వండేది ఏ ఊరి పిల్లో ఆలోచించలేదు.

"కావేరి మాటేంది మరి?" అంది అవ్వ.

"ఊరందరికీ ఒకటే. కాపు కూతురికని వేరేగా ఉంటాదా?" అన్నాడు తాత.

"కాపు పెళ్ళానికి?"

తాత ఉమ్మి వేయడానికని బయటికి వెళ్ళాడు.

మా దగ్గర వల మగవాళ్ళది, బుట్ట ఆడవాళ్ళది. రొయ్యల్ని పేటకు మోసుకెళ్ళి అమ్మేది ఆడవాళ్ళే. మగవాడు బుట్ట ముందు కూర్చుంటే అతణ్ణి చూసి ఆ ఏడంతా నవ్వుతారు. మూడు ఊళ్ళ ఆడవాళ్ళూ సంతలో ఒకే రేకుల షెడ్డు కింద కూర్చునేవాళ్ళు. దురాయి డప్పు అంత దూరం వినపడదు. తిప్పకుప్పం వాళ్ళు సరస్సు చుట్టూ తిరిగి వేరే రేవులో దిగి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ వచ్చారు. అత్తకు కాళ్ళు వాచాయని, అంతసేపు పడవలో కూర్చోవడం తన వల్ల కాదని చెప్పారు. అవ్వ చేతిలోని తక్కెడ పక్కన పెట్టేసింది. నడిమిపాళెం నుంచి వచ్చిన ఒకామె పెద్ద నోటిది. "మీ కాపూ మా కాపూ తాంబూలం మార్చుకున్నారంట గదక్కా. మనమేమన్నా నమిలినామా?" అంది. షెడ్డంతా నవ్వింది. నవ్వులు ఆగేసరికి పొత్తు కుదిరిపోయింది. అత్త మా రేవులో దిగేదాకా మూడు ఊళ్ళలో ఎవరూ బుట్ట ఎత్తకూడదు.

మర్నాడు రేవులో రొయ్యలు గుట్టలు పోసి ఉన్నాయి, తీసేవాళ్ళు లేరు. మా నాన్న రోషంగా వ్యానెక్కించుకుని పేటకు వెళ్ళాడు. బేరానికి వచ్చిన మొదటి మనిషే ధర సగానికి తగ్గించి అడిగితే, తల ఊపేశాడు. పక్కన వంకాయలమ్మే ఆమె, "ఏం మావా, ఇంట్లో అక్కేమన్నా నీళ్ళాడిందా, నువ్వొచ్చినావు?" అనేసరికి మిగతావి తిరిగి ఎక్కించుకుని వచ్చేశాడు. రెండు రోజులకు ఊళ్ళో ముక్కు మూసుకోకుండా నడవలేకపోయాం. అవ్వ తాతకు గంజి పోసింది.

"కూరేంది?" అన్నాడు తాత.

"బయట గుట్టలుగా ఉండాయిగా. పొత్తులో వచ్చిన రొయ్యలు. పోయి తిను."

ఆ సాయంత్రం తాత కాపులందర్నీ పిలిచి, దురాయి ఎత్తేది లేదని, అయితే పురిటికి దురాయి లేదని, అది మొదటి నుంచీ ఉన్న కట్టుబాటేనని ప్రకటించాడు. అలాంటి కట్టుబాటు అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. పొద్దున్నే తిప్పకుప్పం ఆడవాళ్ళే తెడ్లు పట్టి అత్తను పడవలో తెచ్చారు. మగవాళ్ళంతా రేవులో నిలబడి కొంగల్ని చూస్తున్నట్టు అటు తిరిగారు. అవ్వ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కూతుర్ని పట్టుకుంది. మూడో రోజున పేటలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం.

ఇక్కడితో బుద్ధి వచ్చిందని రాస్తే బాగుండును. నెల తిరక్కుండానే నడిమిపాళెం కాపు, మాట తప్పారంటూ మాకు తాంబూలం తిప్పి పంపి, వెళ్ళి తిప్పకుప్పంతో కలిశాడు. ఆ ఏడు మేం ఒంటరిగా మిగిలాం. పురిటి కట్టుబాటు తన ఎత్తుగడేనని తాత చివరిదాకా చెప్పుకున్నాడు.

ఇప్పుడు రొయ్యల కోసం ఐసు పెట్టెల లారీ రేవులోకే వస్తుంది, డబ్బులు మగవాళ్ళ ఫోన్లలో పడతాయి. బుట్టలు లేవు, రేకుల షెడ్డు కింద ఇప్పుడు సెల్‌ఫోన్ కొట్లున్నాయి. మూడు ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి కూర్చునే చోటంటూ ఏదీ మిగల్లేదు. రేపు ఏ ఊరితో ఎవరికి చెడుతుందో తెలియనప్పుడు పక్క ఊళ్ళో పిల్లనివ్వడం ఎందుకని, సంబంధాలు గూడూరులోనో నెల్లూరులోనో చూసుకుంటున్నారు. అందుకే కాపుల సమావేశాలు ఇంత ధైర్యంగా సాగుతున్నాయి. ఎవరితో తెంచుకున్నా ఇంట్లో అడిగే మనిషి లేదు. ఈ పదేళ్ళలో మా ఊరి నుంచి తిప్పకుప్పానికి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు ఇద్దరే.